అక్క ‘పాడలేను’ అన్నప్పుడు

మా అక్క గొంతుకు ఆపరేషన్ జరిగిన ఏడాదే నేను మాటలతో మనుషుల నమ్మకాలు మార్చడం నేర్చుకున్నాను. ఈ రెండూ ఒకే ఏడాది జరగకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ చెబుతాను. పిల్లల చేత ఇంటర్వ్యూల్లో నోరు తెరిపించడం నా ఉద్యోగం. ఆ ఏడాది కాలేజీవాళ్ళు మాలో కొంతమందిని ఒక హోటల్ హాల్లో జరిగిన శిక్షణకు పంపారు. హైదరాబాదు నుంచి వచ్చినాయన చెప్పాడు. మెత్తటి గొంతు, తొందరలేని మనిషి. మనుషులు తమ గురించి తాము చెప్పుకునే వాక్యాల్లో ఏదో ఒక చిన్న మాట వాళ్ళను కట్టిపడేస్తుందట. ‘ఎప్పుడూ’ అనో, ‘అస్సలు’ అనో, ‘నావల్ల కాదు’ అనో. ఆ మాట దగ్గర ఆగమన్నాడు. ‘రాదు’ అంటే ‘ఇంకా రాలేదు’ అని తిరిగి అప్పగించమన్నాడు. ‘ఎప్పుడూ ఇంతే’ అంటే ‘ఎప్పుడూనా? ఒక్కసారి కూడా వేరేగా జరగలేదా?’ అని అడగమన్నాడు. చేస్తావా చెయ్యవా అని మాత్రం అడగవద్దన్నాడు. ఎప్పుడు మొదలుపెడతావు అని అడిగితే చెయ్యాలా వద్దా అన్న ప్రశ్న దానంతట అదే దాటిపోతుందట.

నాకు నవ్వొచ్చింది. మా అమ్మాయి చిన్నప్పుడు నేను చేసిందీ అదే. పాలు గ్లాసులో తాగుతావా, కప్పులో తాగుతావా అని అడిగితే, అసలు పాలే వద్దన్న సంగతి మర్చిపోయేది.

క్లాసులో అది పనిచేసింది. మైలవరం దగ్గర్నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. లేచి నిలబడితే చాలు, “నాకు ఇంగ్లీషు రాదండి మేడమ్” అని కూర్చునేది. ఆ పిల్లతో కొన్ని వారాలు అలా మాట్లాడాను. సెమిస్టర్ చివర అందరి ముందూ నిలబడి, తప్పులతోనే, తడబడుతూనే వాళ్ళ నాన్న మామిడితోట గురించి మాట్లాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు స్టాఫ్ రూములో నేను ఎవరికీ కనిపించకుండా కళ్ళు తుడుచుకున్నాను. ఆ పిల్ల విషయంలో నాకిప్పటికీ ఏ బాధా లేదు. బాధంతా తర్వాతి సంగతి గురించే.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. కూచిపూడికి కాస్త అవతల ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. బావ కౌలుకు వరి, మినుము వేస్తాడు. మేం క్రైస్తవులం, చర్చిని గుడి అనే అంటాం. అక్క చిన్నప్పటి నుంచీ గుడిలో పాడేది. పెళ్ళయి ఆ ఊరు వెళ్ళాక అక్కడి గుడికి కూడా ఆమే పాట అయింది. గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం మూడు గంటలపాటు జరిగే ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. ఒక్కో మాట తర్వాత ఒక్కో పాట. ఐదో మాట దాహం గురించి. దాని తర్వాత పాట అక్కది. తబలా ఉండదు, కీబోర్డు ఉండదు. ఎండిపోయిన నోటితో మొదలైనట్టు మొదలై, పైకి వెళ్ళి, అక్కడే కాసేపు నిలబడేది ఆ గొంతు. గుడికి రానివాళ్ళు కూడా ఆ పాట వేళకు వచ్చి బయట వేపచెట్టు నీడలో నిలబడేవాళ్ళు.

థైరాయిడ్ గడ్డ పెరిగిందని విజయవాడలోనే ఆపరేషన్ చేయించాం. గడ్డ ప్రమాదమైనది కాదన్నారు, దేవుడి దయ. కానీ అక్క గొంతు మాత్రం గాలి కలిసిపోయినట్టు వచ్చింది. తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు సన్నటి కెమెరా పెట్టి చూసి, స్వరపేటికలో ఒక పక్క తీగ కదలడం లేదన్నారు. కొంతకాలానికి మామూలు మాట చాలావరకు కుదురుకోవచ్చు, పై స్థాయి పాట మాత్రం తిరిగి రాకపోవచ్చు, ఆశపెట్టుకోవద్దు, గొంతును బలవంతం చెయ్యొద్దు అన్నారు. నేను అక్క పక్కనే కూర్చున్నాను. ప్రతి మాటా విన్నాను.

అక్క ఏడవలేదు. ఆటోలో వస్తూ, “పిల్లల్ని పిలవడానికి గొంతుంటే చాల్లేవే” అంది. నేనే పక్కకు తిరిగి ఏడ్చాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ మందేసేది, అక్క పాడేది. నా బాల్యంలో సగం ఆ గొంతే. అది పోయిందన్న మాట నాకు మింగుడు పడలేదు. అక్క మాత్రం అప్పటికే మింగేసింది. నేనది గమనించలేదు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక ఆదివారం వాళ్ళూరు వెళ్ళాను. అక్క వరండాలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. మాట బాగానే కుదురుకుంది, కాస్త బొంగురు. నేను పక్కన పీట వేసుకుని, ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాను.

“ఈసారి ఐదో మాట పాట ఎవరు పాడతన్నారక్కా?”

“పాస్టరమ్మగారి కోడలు పాడుద్దంట. నేను పాడలేను కదా.”

“పాడలేవా, ఇంకా పాడలేదా?”

అక్క చేట ఆపి నా మొహంలోకి చూసింది. “రెంటికీ తేడా ఏముందే?”

“చాలా ఉంది. పాడలేనంటే అయిపోయినట్టు. ఇంకా పాడలేదంటే, ముందు ముందు పాడొచ్చు.”

“గొంతు పోయిందే పిచ్చిమొహమా.”

“పోయిందా, మారిందా?”

“మారిందిలే. సరేనా?” అని నవ్వింది. నన్ను ఊరుకోబెట్టడానికి నవ్విన నవ్వు అది. నేను మాత్రం లోపల ఒక మెట్టు ఎక్కినట్టు అనుకున్నాను.

“అసలు పోయిందని ఎవరన్నారక్కా?”

“డాక్టరుగారే అన్నారు. నువ్వూ విన్నావుగా.”

“రాకపోవచ్చు అన్నారు. రాదనలేదుగా.”

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆశపెట్టుకోవద్దన్న మాటను నేను కావాలని వదిలేశాను. ఇప్పుడు రాస్తుంటే, ఆ వరండా, ఆ చేట, ఆ చెప్పీ చెప్పని మాట, అన్నిటికంటే ఎక్కువగా అవే గుర్తొస్తాయి.

బావ పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా మాటలు విన్నాడు. “వద్దులే అమ్మాయ్. ఆవిడ కుదురుకుంది. మళ్ళీ ఎందుకు కదపడం?” అన్నాడు. బావ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మా శిక్షకుడు అలాంటి మాటలకు కూడా ఒక పేరు చెప్పాడు: చుట్టూ ఉన్నవాళ్ళు పెట్టే అడ్డుగోడలు. బావ మాటను తీసుకెళ్ళి ఆ పేరు కింద పడేశాను.

ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. పిల్లల సంగతులు, మినుముకు పట్టిన తెగులు, మా ఆయన బీపీ, అన్నీ మాట్లాడుకున్నాక మెల్లగా పాట దగ్గరికి తెచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ నెలల్లో అక్క ఏం చెబుతోందో నేను వినలేదు. ఆమె మాటల్లో ‘ఎప్పుడూ’లు, ‘అస్సలు’లు ఎక్కడ వస్తాయా అని కాచుకుని కూర్చున్నాను. ఒకరోజు ఆమె, “గుడిలో వెనక బెంచీలో కూర్చుంటే ఎంత హాయిగా ఉందో తెలుసా. ఇన్నేళ్ళూ పాట ఎట్టా వచ్చుద్దో అన్న భయంతోనే సరిపోయింది, ప్రసంగం ఎప్పుడన్నా విన్నానా?” అంది. అంత పెద్ద మాట చెప్పింది. నాకు అందులో ‘భయం’ ఒక్కటే వినిపించింది. భయం ఉందంటే దారి దొరికిందనుకున్నాను.

మార్చిలో ఒక సాయంత్రం శిక్షకుడు చెప్పిన చివరి పద్ధతి వాడాను.

“అక్కా, ప్రాక్టీసు పొద్దున పెట్టుకుంటావా, సాయంత్రమా?”

అవతల ఎక్కడో ట్రాక్టరు పోతున్న శబ్దం వినిపించింది.

“సాయంత్రమైతే పిల్లలెళ్ళిపోతారు,” అంది చివరికి. “సాయంత్రం చూస్తాలే.”

వంటింట్లో నిలబడి ఉన్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. అంత సంతోషం. ఆ సంతోషం అక్క పాడుతుందన్నందుకా, నేను గెలిచినందుకా అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే కోపం వచ్చేది.

ఆ మరుసటి వారం శిక్షణ తీసుకున్న వాళ్ళమంతా మళ్ళీ కలిశాం. ఎవరెవరు ఏం సాధించారో చెప్పమన్నారు. నేను లేచి అక్క సంగతి చెప్పాను. ఆపరేషన్, పోయిన గొంతు, ‘ఇంకా’ అన్న ఒక్క మాట, గుడ్ ఫ్రైడేకి పాడబోతున్న మా అక్క. ఆమె ఇంకా పాడలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. మా అక్క జీవితాన్ని, ఆమెను అడగకుండా, ఏసీ హాల్లో ముక్కూమొహం తెలియని వాళ్ళ ముందు పరిచాను. నేనలా చెప్పానన్న సంగతి అక్కకు ఈ రోజుకీ తెలియదు.

గుడ్ ఫ్రైడే రోజు మా అమ్మాయిని తీసుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఉయ్యూరు దాటేసరికే ఎండ మండిపోతోంది. అక్క తెల్లచీర కట్టుకుని ఉంది. పొద్దున్నుంచీ వేణ్ణీళ్ళు తాగుతూనే ఉందట. మెడ మీద ఆపరేషన్ గీత కనిపించకుండా కొంగు చుట్టుకుంది.

“ఎట్టా ఉందక్కా?” అన్నాను.

“బానే ఉందిలే,” అంది. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

గుడి నిండిపోయింది. అక్క మళ్ళీ పాడుతుందని ఊళ్ళో తెలిసిపోయినట్టుంది, బయట చెట్టు కింద కూడా జనం. ఐదో మాట ప్రసంగం అయ్యాక అక్క లేచి ముందుకు వెళ్ళింది. మొదటి చరణం కింది స్థాయిలో సాగింది. బొంగురుగా ఉన్నా అందులో ఏదో ఉంది. నా పక్కన కూర్చున్న ముసలావిడ కళ్ళు మూసుకుని తలూపింది. నేను మా అమ్మాయి చెయ్యి నొక్కాను. చూడు, అన్నట్టు.

రెండో చరణంలో పాట పైకి వెళ్ళాలి. అక్క ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది. గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి ఏదో చిరిగినట్టు ఒక శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆమె మెడ నరాలు పొంగి కనిపించాయి. అక్కడితో ఆపేసి వచ్చి కూర్చోవచ్చు. ఆపలేదు. మూడోసారీ బలవంతంగా పైకి లాగింది. అప్పుడొచ్చిన శబ్దం గురించి రాయలేను. వెనకెక్కడో ఒక చిన్నపిల్ల భయపడి ఏడ్చింది.

పాస్టరమ్మగారి కోడలు లేచి, అక్క పక్కన నిలబడి, పాటను ఆగిన చోటు నుంచి అందుకుంది. ఆడవాళ్ళంతా మెల్లగా కలిశారు. పాట పూర్తయింది. అక్క తల వంచుకుని అక్కడే నిలబడింది. తర్వాత నడిచి వచ్చి తన వెనక బెంచీలో కూర్చుంది. నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించింది. అంతమందిలో ఆమె ఆలోచించింది నేను చిన్నబుచ్చుకుంటానేమోనని.

ఆ సాయంత్రానికే ఆమెకు మాట పూర్తిగా పడిపోయింది. మర్నాడు బావ విజయవాడ తీసుకొచ్చాడు. డాక్టరుగారు కెమెరాలో చూసి, బాగా పనిచేస్తున్న రెండో తీగ మీద రక్తం చేరిందన్నారు. కొన్ని వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు అన్నారు. “ఎవరు పాడమన్నారమ్మా?” అని విసుక్కున్నారు. అక్క నా వైపు చూడకుండా తల అడ్డంగా ఊపింది, ఎవరూ లేరన్నట్టు. ఆయన ముందు నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు.

బయటికొచ్చాక ఆస్పత్రి మెట్ల మీద బావ నాతో, “ఆవిడ పాడలేనంటే నువ్వు వినాల్సిందమ్మాయ్,” అన్నాడు. అరవలేదు. మందుల కవరు సర్దుకుంటూ అన్నాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

కాలేజీకి సెలవులిచ్చాక వెళ్ళి అక్క దగ్గర ఉన్నాను. అంగన్‌వాడీలో పిల్లల్ని ఆయా చూసుకుంటోంది. అక్క చప్పట్లతో, చేతి సైగలతో నెట్టుకొస్తోంది. టీచరు మాట్లాడదు కాబట్టి తామూ మాట్లాడకూడదనుకున్నారో ఏమో, ఆ పసివాళ్ళు కూడా నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటికి చూపిస్తున్నారు. ఎంత గోల చేసే పిల్లలో! గుమ్మంలో నిలబడి అది చూసి లోపలికి వెళ్ళలేక కాలవ గట్టు మీదికి వెళ్ళిపోయాను. కాలవ కట్టేసిన రోజులు, అడుగున బురద పగుళ్ళు తీసి ఉంది.

ఇంట్లో ఇద్దరం కలిసి కూరగాయలు తరిగేవాళ్ళం, బట్టలు మడతపెట్టేవాళ్ళం. ఆమె ఏదన్నా సైగ చేస్తే నేను వెంటనే వాక్యం పూర్తి చేసేదాన్ని. ఉప్పు కావాలా? ఫ్యాన్ ఆపనా? బావ కోసమా? సగంసార్లు తప్పేది. ఒకసారి అలా నాలుగు తప్పులు చెప్పాక అక్క నా నోటి మీద చెయ్యి పెట్టి, ఆగమన్నట్టు కళ్ళతో చెప్పింది. తర్వాత తీరిగ్గా, మళ్ళీ మొదటి నుంచి సైగ చేసింది. ఆమెకు కావలసింది ఏదీ లేదు. నా జడ వదులైందని చెబుతోంది.

జడ వేస్తున్నప్పుడు, వెనక్కి తిరగకుండానే, “నన్ను క్షమించక్కా” అన్నాను. ఆమె వేళ్ళు ఒక క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. జవాబు రాదని తెలిసి అడిగాను కదా అని ఆ తర్వాత అనిపించింది. ఆమెకు నోరు లేనప్పుడు అడగడం నాకే సుఖం.

వర్షాలు మొదలయ్యాక ఆమెకు మాట వచ్చింది. మునుపటికంటే లోతుగా, గరుకుగా. ఫోన్లో వినగానే ఎవరో మగవాళ్ళనుకున్నాను. ఆ ఆదివారమే వెళ్ళాను. బియ్యం కడుగుతూ, తనంతట తానే చెప్పింది.

“నీకొకటి చెప్పనా? ఆ ఫోన్లన్నీ చేసేదానివే, అప్పుడు నువ్వు నాతో మాట్లాడతన్నట్టు ఉండేది కాదే. నా మీద ఏదో పని చేస్తన్నట్టు ఉండేది. మిషన్ మీద బట్ట పెట్టి కుడతారే, అట్టా.”

“తెలిసిపోయిందా అక్కా?”

“తెలవదా? నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని.”

“మరెందుకు ఒప్పుకున్నావ్?”

అక్క కడుగు నీళ్ళు పక్కన గిన్నెలోకి వంపింది. “నువ్వు అంత ఇదిగా ఫోన్లు చేస్తన్నావు. ఎన్నేళ్ళయిందే నువ్వు నాకు ప్రతి ఆదివారం ఫోన్ చేసి? పాడనంటే మానేస్తావేమో అనుకున్నా.”

‘ఇంకా’ అన్న మాట ఆమెలో ఏ నమ్మకాన్నీ మార్చలేదు. తన గొంతు గురించి ఆమెకు తెలిసింది తెలిసినట్టే ఉంది, ఆ గొంతుతో ఆమెకు సర్దుబాటూ అయిపోయింది. చెల్లెలు ఫోన్ చేస్తోంది, అది ఆగిపోకూడదు. అంతే ఆమె లెక్క. నేను నేర్చుకున్న విద్య పనిచేసి ఆమెకు దెబ్బ తగిలి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. పనిచెయ్యకుండానే తగిలింది.

క్లాసులో ఇప్పటికీ ఆ పాఠం చెబుతున్నాను. ఉద్యోగం కాబట్టి చెబుతున్నానని అనుకుందామంటే అదీ నిజం కాదు, అది చాలామంది పిల్లలకు మేలు చేస్తోంది కూడా. కాకపోతే ఎవరైనా ‘నావల్ల కాదు’ అన్నప్పుడు, వెంటనే ఆ మాటను మార్చి తిరిగి అప్పగించలేకపోతున్నాను. ఏమైంది అని అడుగుతాను. కొందరికి నిజంగానే ఏదో అయి ఉంటుంది.

అక్కకు మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాను. పాట సంగతి ఎత్తను.

పోయిన డిసెంబరులో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు అక్క నన్ను గుడికి తీసుకెళ్ళింది. మగవాళ్ళ వరస పాడేవాళ్ళు ఇద్దరే ఉన్నారు, మిగతావాళ్ళు నూర్పిళ్ళలో ఉన్నారట. పాట మొదలైన కాసేపటికి మేం కూర్చున్న వెనక బెంచీలోంచి ఒక కింది గొంతు వాళ్ళతో కలిసింది. అక్క. గరుకుగా, తడుముకుంటూ, మగవాళ్ళ వరస పాడుతోంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. “చూశావా” అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగపట్టి ఆపుకున్నాను.

పాట అయ్యాక అక్క నా వైపు తిరిగింది. “ఏంటే, ఏదో అనబోయావ్?”

“ఏం లేదక్కా. బాగుంది.”

“ఏం బాగుంది, గాడిద ఓండ్ర పెట్టినట్టుంటే. పాడాలనిపించింది, పాడా.”

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె ఏవేవో చెబుతూనే ఉంది. నేను వింటున్నానని అనుకుంది. నేను మాత్రం, పాడాలనిపించడంలో నా చెయ్యి ఏమన్నా ఉందా, ఒక పిసరైనా ఉందా అని వెతుక్కుంటున్నాను. అంత జరిగాక కూడా.